జేజి నమాజు బండ

మార్చి ఎండలో కాగిన నాపబండ మీద చెంబెడు నీళ్లు పడితే ఒక వాసన లేస్తుంది. తొలకరి మట్టి వాసనలోని మెత్తదనం దానికి ఉండదు. కొంచెం సున్నం, కొంచెం సుద్ద, కొంచెం ఆవిరి కలిసిన గరుకు వాసన అది. ఈ మధ్యాహ్నం పెరట్లో బట్టలుతికే బండ మీద నీళ్లు కుమ్మరించగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. లోపల గదిలో ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోన్‌లో ఫిజిక్స్ పాఠం వింటోంది, నేనేమో బక్కెట్టు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

మా ఊరు బేతంచెర్ల దగ్గర. ఆ నేలలో ఎక్కడ తవ్వినా బండే. ఇంటి నేల బండ, గోడలో అరలు బండ, నీళ్ల తొట్టి బండ, పెరటి చుట్టూ పాతిన నిలువు రాళ్లు కూడా బండలే. మా నాయన పని చేసేది బండల గనిలోనే. ముస్లింలలో దూదేకుల వాళ్లం, ఇంట్లో తెలుగే. నేను అ ఆలు దిద్దింది నట్టింటి నల్లబండల మీద, బారాకట్ట గీసుకుని చింతగింజలు వేసింది వాటి మీదే, అచ్చంగిల్లాలు ఎగరేసి పట్టిందీ వాటి మీదే. ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ ఇల్లంతా కడిగితే, ఆరీ ఆరని బండకు చెంప ఆనించి పడుకునేవాళ్లం. ఆ చల్లదనం ముందు ఇప్పటి కూలర్లు దిగదుడుపే.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా పరీక్షలూ రంజానూ కలిసి వచ్చాయి. తక్కినవన్నీ ఎట్లాగో లాగుతున్నాను గానీ, ఫిజిక్స్ నాకు కొరకరాని కొయ్య. అర్ధ సంవత్సరం పరీక్షలో తప్పాను కూడా. ఆ సంగతి తెలిసిన రోజు నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

“సూడు మ్మే, పాసైతే కర్నూలు డిగ్రీ కాలేజీలో నేనే చేర్పిస్తా. తప్పి ఇంట్లో కూచున్నావనుకో, సంబంధాలు తెచ్చేవాళ్లు శానామంది ఉండారు. అందరికీ వద్దని చెప్పే నోరు నాకు లేదు.”

అది బెదిరింపు కాదు. నాయన మెతక మనిషి, అక్క పెళ్లప్పుడు వద్దని చెప్పలేక నలిగిపోయినవాడు. అందుకే ఆ మాటకు నాకు మరీ భయమేసింది.

పుస్తకం చూసి ఎంత గట్టిగా చదివినా ఒక్క ముక్క తలకెక్కేది కాదు, చేత్తో రాస్తేనే నిలిచేది. సుద్దముక్క తీసుకుని నేల మీద పడ్డాను. బండకొక పాఠం. గడప పక్కన పొటెన్షియోమీటరు, బియ్యం బాన దగ్గర ట్రాన్స్‌ఫార్మరు, వంటింటికి పోయే దోవలో అణు రియాక్టరు. అంతవరకు బాగానే ఉంది గానీ, మా జేజికి, అంటే నాయనమ్మకు, ఒక పట్టింపు ఉండేది. అక్షరం ఏ భాషదైనా, ఎవరు రాసిందైనా కాలితో తొక్కకూడదు. తొక్కితే రాసిన వాళ్లకు చదువు రాదని ఆమె నమ్మకం. దాంతో ఇంట్లో ఎవరూ నేల మీద తిన్నగా నడవలేదు. నాయన మునివేళ్ల మీద దాటేవాడు. మోకాళ్ల నొప్పులతో జేజి గోడ పట్టుకుని ఇల్లంతా చుట్టి వంటింట్లోకి పోయేది. చదువు చెరిగిపోతుందని అమ్మ ఇల్లు కడగడం మానేసింది. ఉపవాసాలతో నాలుక పిడచకట్టుకుపోతుంటే, ఆ బండలు పెనంలా కాగుతుంటే, ఒక్కరైనా నన్ను ఇదేంటని అడగలేదు. అంత ఓపిక వాళ్లకెక్కడిదో నాకిప్పటికీ అంతుపట్టదు.

చివరికి డాప్లర్ ప్రభావం మిగిలింది, బండ మిగల్లేదు. ఉన్న ఒక్క ఖాళీ ఉత్తరపు కిటికీ కింద, జేజి నమాజు చేసుకునే చోటు. ఇంట్లో కాస్త చల్లగా ఉండేది అదొక్కటే. నేను సుద్ద పట్టుకుని అటూ ఇటూ చూడడం కనిపెట్టి, ఆమె తన చాప చుట్టి చంకలో పెట్టుకుంది.

“ఈడ గూడా రాసుకో మ్మే. అల్లా యాడైనా ఇంటాడు. పేపరు దిద్దే సారు ఇంటాడా?”

ఆ రోజు నుంచి ఆమె మధ్యాహ్నపు నమాజు వసారాలోకి మారింది. అక్కడ సాయంత్రం దాకా ఎదురెండ.

ఫిజిక్స్ పరీక్ష ముందురోజు రాయచోటి నుంచి మా మేనత్త వచ్చింది. నేను పాత ప్రశ్నపత్రాల కోసం కాలేజీకి పోయాను, అమ్మా జేజీ పక్కింట్లో ఉన్నారు. ఇల్లంతా సుద్దపొడి, వేడి చూసి ఆమె మనసు ఊరుకోలేదు. పాపం, ఉపవాసంతో ఉండి కూడా తొట్టిలో నీళ్లన్నీ తోడి ఇల్లు అద్దంలా కడిగిపెట్టింది. నేను వచ్చేసరికి తడిబండల వాసన గుప్పుమంది. నేల మీద ఒక్క గీత లేదు. గడపలోనే కూలబడి ఏడ్చాను. మేనత్త బిత్తరపోయింది. జేజి వచ్చి చూసి, “అయ్యో, సదువంతా కడిగేసినావు గదే!” అని తలపట్టుకుంది గానీ, మరు నిమిషంలో నా రెక్క పట్టుకుని లేపింది.

“ఏడ్చింది సాలు గానీ, యాడ యాది రాసినావో నాకు సూపియ్యి.”

తడిబండల మీద ఇద్దరం నడిచాం. ఆమెకు ఫిజిక్స్ ఏం తెలుసు? “ఈడ రెండు పెద్ద చుట్టలుండె, వాటికి భయపడి గోడకు కరుసుకొని పోతాంటి,” అనేది. అనగానే ట్రాన్స్‌ఫార్మరు మొత్తం నా కళ్ల ముందుకు వచ్చేది, గడగడా ఒప్పజెప్పేదాన్ని. కిటికీ కిందికి వచ్చాక ఆమె గుర్తు చేయాల్సిన పని లేకపోయింది. నేనే డాప్లర్ చెప్పాను, మొదటి గీత నుంచి చివరి సూత్రం దాకా. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

పరీక్షలో డాప్లరే వచ్చింది. నేను కళ్లు మూసుకుని ఉత్తరపు కిటికీ దగ్గరికి పోయి, అక్కడున్నది ఉన్నట్టు దించాను. సాయంత్రం ఇఫ్తార్‌కు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ఖర్జూరాలు పెట్టుకుని అందరూ మసీదు బాంగు కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. జేజి మెల్లగా నా పక్కకు జరిగింది.

“ఏ బండ వచ్చె మ్మే?”

“నీదే జేజీ.”

బాంగు వినపడగానే ఆమె నోటి దాకా తీసుకున్న ఖర్జూరాన్ని తుంచి సగం నా నోట్లో పెట్టింది. నేను పాసయ్యాను, కర్నూలులో డిగ్రీ చదివాను, ఇప్పుడు ఆత్మకూరులో పిల్లలకు సైన్సు చెప్పుకుంటున్నాను. ఆ సగం ఖర్జూరం తీపి మాత్రం ఇంకా నాలుక మీదే ఉంది.

మొన్న మా తమ్ముడు ఊళ్లో ఇంటికి టైల్స్ వేయించాడు. పాత బండలు పగలగొట్టి వాకిలి ఎత్తు పెంచడానికి కింద నింపారట. కిటికీ కింది బండ కూడా వాటిలోనే పోయింది. జేజి అంతకు చాలా ముందే పోయింది. టైల్స్ మీద సుద్ద నిలవదు, నిలిచినా గోడ పట్టుకుని చుట్టూ తిరిగి పోయేవాళ్లు లేరు.

ఈ ఏడు మళ్లీ ఉపవాసాలూ పరీక్షలూ కలిశాయి. రేపు మా అమ్మాయికి ఫిజిక్స్. అది ఇంటికి రాగానే ఏ ప్రశ్న వచ్చిందని అడుగుతాను. ఏ బండ వచ్చిందని అడిగితే దానికి అర్థం కాదు.