ఆ గాలి కాదండి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజమండ్రిలో ఒక ఆసుపత్రి టీవీ తెర మీద నా పెద్దపేగును చూశాను. ముప్పై ఎనిమిదేళ్లుగా కలిసే ఉంటున్నాం, ముఖపరిచయం మాత్రం అదే మొదలు. గులాబిరంగులో, తడిగా మెరుస్తూ, మలుపు తర్వాత మలుపు. సొంత బల్ల సర్దుకోవడం చేతకాని నాలో ఇంత నీటైన చోటు ఉందా అని నోరు తెరిచాను. ఒక మలుపులో శనగగింజంత కండ బుడిపె, పాలిప్ అంటారట. డాక్టరు గారు సన్నటి తీగతో ఉచ్చు వేసి, బిగించి, కోసేశారు. నాకు నొప్పే తెలియలేదు.

దారి కనపడాలని పేగులోకి గాలి ఎక్కించారట. గదికి తెచ్చేసరికి పొట్ట లారీ ట్యూబులా ఉంది.

"గాలి కిందనుంచి పోతే భయం లేదండి" అన్నారు డాక్టరు గారు, నొక్కి చూసి. "పోకుండా పొట్ట గట్టిపడి నొప్పి పెరిగితే, కోసినచోట చిల్లు పడిందేమో చూడాలి. అలాగైతే ఆపరేషనేనండి." కాఫీ తాగుతారా అన్నంత మర్యాదగా చెప్పారు.

చిక్కల్లా, మంచం పక్క కుర్చీలో మా మావగారు. పెళ్లయి పదేళ్లయినా నన్ను మీరు అనే మనిషి. నేను అరుగు మీదికొస్తే చుట్ట ఆర్పేసే మనిషి. ఆయన ఎదుట ఆ పని ఎలా? బిగబట్టాను. నొప్పి పెరిగింది. అది చిల్లో, మర్యాదో నాకే తెలియలేదు. చెమటలు పట్టాయి.

ఇంతలో కరెంటు పోయింది. మావగారు పేపరు మడిచి నాకు విసరసాగారు. నర్సమ్మ వచ్చి, "గాలి వస్తోందాండీ?" అంది.

"ఎక్కడమ్మా, ఇందాకణ్ణించీ విసురుతూనే ఉన్నాను. ఫ్యాను తిరిగితే గానీ లాభంలేదు" అన్నారాయన.

"ఆ గాలి కాదండి. అల్లుడుగారి గాలి. మీరున్నారని ఆపుకుంటున్నట్టున్నారు."

పేపరు ఆగింది. ఆయన నా పొట్టకేసి చూశారు. "ముందే చెప్పొద్దేంటండీ" అని లేచి, కండువా సర్దుకుని, "వరండాలో ఉంటాను. మీరు కానివ్వండి" అంటూ నర్సమ్మను కూడా తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేశారు.

నిమిషం తర్వాత మొదలైంది. ఎంతకీ ఆగదే. ఇంత గాలిని పట్టి ఉంచి, పైగా అప్పుడే కోత పడి, ఆ పల్చటి గులాబి గోడ ఎలా నిలబడిందో నాకిప్పటికీ అర్థంకాదు. చెయ్యి వేసి చూసుకున్నాను. పొట్ట మెత్తగా ఉంది. నొప్పి లేదు. చాలాసేపు చెయ్యి తియ్యలేకపోయాను.

తలుపు అవతల మావగారి గొంతు, మెల్లగా: "వచ్చిందమ్మా. డాక్టరు గారికి చెప్పండి."