బ్యాడ్జీ లేని పౌరులు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో, కాలుష్య నియంత్రణ విభాగంలో పర్యావరణ ఇంజనీరుగా ఉన్న నన్ను సూర్యాపేట జిల్లా పనులు చూడమని పంపారు. కాపురం మిర్యాలగూడలోనే ఉంచుకున్నాను. మా ఆయన అక్కడి కళాశాలలో పనిచేసేవారు. వేములపల్లి వైపు రైసుమిల్లుల బూడిద, వాడపల్లి వైపు సిమెంటు దుమ్ము, ఈ రెండింటి మధ్య తిరగడం నాకు అప్పటికే అలవాటు. ఆ వేసవిలో నాకు అప్పగించిన పెద్ద పని మాత్రం వేరు. మఠంపల్లి దగ్గర ఒక సిమెంటు కర్మాగారం తన సున్నపురాయి గనిని విస్తరించాలనుకుంది. దానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిపించాలి. ఆ కర్మాగారం పేరు ఇక్కడ రాయను.

ఈ పని తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. గని తవ్వాలన్నా, పెంచాలన్నా ముందు దానివల్ల నేలకు, నీటికి, మనుషులకు ఏమవుతుందో కంపెనీ ఒక నివేదిక తయారు చేయించాలి. దాని సారాంశం తెలుగులో పంచాయతీ కార్యాలయంలో ఉంచాలి. నెల రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇచ్చి, గని దగ్గరే బహిరంగంగా సభ పెట్టాలి. జాయింట్ కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. మా విభాగం ఇంజనీరు పక్కన కూర్చుని సభ నడిపిస్తారు. అక్కడ ఓట్లు ఉండవు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా మాట్లాడవచ్చు. చివర్లో ఎవరేమన్నారో రాసినదాన్ని సభలోనే చదివి వినిపించి, ఇద్దరు అధికారులూ సంతకం చేయాలి. మంజూరు ఇచ్చేది ఢిల్లీలోని కమిటీ.

సభ రోజు పొద్దున వెళ్లేసరికి షామియానా నిండిపోయి ఉంది. ముందు వరుసల్లో కూర్చున్నవారందరి చొక్కాలకీ, చీరలకీ ఆకుపచ్చ బ్యాడ్జీలు. వాటి మీద 'పర్యావరణ పౌరుడు' అని అచ్చువేసి ఉంది. షామియానా చుట్టూ తాడు కట్టారు. తాడు అవతల, ఎండలో, గనికి ఆనుకుని ఉన్న లంబాడీ తండా జనం నిలబడి ఉన్నారు. కర్మాగారం సెక్యూరిటీ మనుషులు వాళ్లని లోపలికి రానివ్వడం లేదు.

ఏమిటిదని అడిగితే సుధాకర్ అనే ఆయన ముందుకొచ్చాడు. కోదాడలో స్వచ్ఛంద సంస్థ నడుపుతాడు. కర్మాగారం సామాజిక బాధ్యత నిధులతో చుట్టుపక్కల గ్రామాల్లో 'పర్యావరణ పౌరసత్వ శిక్షణ' ఇచ్చింది ఆ సంస్థే.

"శిక్షణ పూర్తి చేసినవాళ్లకే బ్యాడ్జీలిచ్చామండి. అవగాహన లేనోళ్లని లోపలికి పంపితే గొడవవుద్ది మేడం. వీళ్లు శిక్షణ మధ్యలోనే లేచి వెళ్లిపోయారు" అన్నాడు. మర్యాదగా, ఏ తప్పూ చేయనివాడి గొంతుతో.

ఆ మాట ఇప్పుడు రాస్తున్నా నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అబద్ధపు లెక్కలు చూశాను, వర్షం పడే సమయం చూసి వాగులోకి మురుగు వదిలేవాళ్లను చూశాను. కానీ ఎవరి ఇంటి పక్కన గొయ్యి తవ్వబోతున్నారో వాళ్లకే పౌరులుగా అర్హత లేదని, ఆ అర్హతను కంపెనీ డబ్బుతో నడిచే సంస్థ పంచిపెడుతుందని వినడం అదే మొదటిసారి.

అధ్యక్ష స్థానంలో ఉన్న జాయింట్ కలెక్టరు చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నాడు. మధ్యాహ్నం ఆయనకు సూర్యాపేటలో ఇంకో సమావేశం ఉంది. "మొదలుపెట్టేద్దాం మేడం, వాళ్లలో నలుగురిని తర్వాత పిలుద్దాం" అన్నారు. ప్రవేశానికి షరతు పెట్టి జరిపిన సభ చెల్లదని, అలాంటి సభకు నేను సంతకం చేయనని చెప్పాను. సభ చెల్లకపోతే జవాబు చెప్పాల్సింది ఆయన కూడా. తాడు విప్పమని తహసీల్దారుకు చెప్పారు. తండావాళ్లు వచ్చి, కుర్చీలు లేక, వేదిక ముందు నేల మీద కూర్చున్నారు.

మొదట మాట్లాడినవాళ్లంతా విస్తరణను స్వాగతించారు. ఒకరు చెప్పిన వాక్యమే తర్వాతివారి నోటా వచ్చింది. "అభివృద్ధి, పర్యావరణం రెండు కళ్లు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. తర్వాత నేల మీద నుంచి ఒక పెద్దావిడ లేచింది. పేరు మంగ్లి. తండా చివరి ఇల్లు ఆమెది, గనికి అన్నిటికంటే దగ్గర. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడే మనిషి. మైకు పట్టుకోవడం ఇష్టం లేక పక్కనున్న అమ్మాయిని పట్టుకోమంది.

"మమ్మల్ని ట్రైనింగుకు పిలిచిండ్రు సారు. కూలి ఇడిసిపెట్టి పోయినం. పెండ్లిళ్ల ప్లాస్టిక్ గిలాసలు వాడొద్దన్నరు, సరే అన్నం. మొక్కలు పెట్టుమన్నరు, పెడ్తమన్నం. గనిల రాళ్లకు తూటాలు పేలిస్తె మా గోడలు పగులుతున్నయి, దుమ్ము మిరప తోట మీద పడ్తున్నది, దాని సంగతి జర సెప్పుండ్రి అన్నం. గది ఇయ్యాల సబ్జెక్టు కాదన్నడు గా సారు. మరి గది ఏనాటి సబ్జెక్టు?"

సుధాకర్ లేచి, ఈ అమాయకులను ఎవరో తప్పుదోవ పట్టిస్తున్నారని చెప్పబోయాడు. ఇప్పుడు ఆమె వంతు, కూర్చోమని జాయింట్ కలెక్టరే అన్నారు. మంగ్లి వెనక్కి తిరిగి సుధాకర్ వైపు చూసింది.

"మా ఇల్లు పగిలిందని నాకు ఒకలు సెప్పాల్నా? ఆ ఇంట్ల రాత్రి పండేది నేనే గద, సారు."

అప్పుడు ముందు వరుసలో ఒకతను నిలబడ్డాడు. రవి, మంగ్లి మరిది కొడుకు, సొంత లారీతో కర్మాగారానికి కిరాయికి రాయి తోలేవాడు. బ్యాడ్జీ ఉంది. సుధాకర్ ముఖం తేటపడింది. నువ్వు విస్తరణకు అనుకూలమేనా అని అధ్యక్షులు అడిగారు.

"నాకు పని గావాలె సారు. గని పెరిగితే నాకు కిరాయిలు పెరుగుతయి, అబద్ధమెందుకు. గాని పెద్దమ్మ సెప్పింది నిజం. ఊరికి దగ్గర తూటాలు పెట్టకుండ్రి. గని కోసం తండా పక్క వాగు మలపకుండ్రి. పని అడిగితే ఇల్లు అడగొద్దా? మేం రెండూ అడుగుతం."

బ్యాడ్జీ తీయలేదు. అది పెట్టుకునే ఇంకా వివరంగా చెప్పాడు, పేలుడుకు ముందు సైరన్ ఎన్నడూ మోగదని, పిల్లలు బర్రెలను మేపే చోటనే రాళ్లు ఎగిరిపడతాయని. ఆ తర్వాత బ్యాడ్జీలున్న వరుసల్లోంచే మరికొందరు లేచారు. కొందరు గని కావాలన్నారు, కొందరు వద్దన్నారు. మొదటిసారి ఆ షామియానా కింద ఒకరి మాట ఇంకొకరి మాటలా లేదు.

సాయంత్రం రాసినదాన్ని చదివి వినిపించే సమయానికి కంపెనీవాళ్లు టీ ఏర్పాటు చేశారు. జనం లేచిపోతారని వాళ్ల ఆశ. టీ ఆపించి, మా గుమాస్తాను చదవమన్నాను. "కొందరు సందేహాలు వ్యక్తం చేయగా నివృత్తి చేయడమైనది" అని చదివాడు. చాలా సభల్లో ఆ వాక్యం అలాగే సాగిపోతుంది.

"నివృత్తి అంటె?" అని మంగ్లి పక్కనున్న అమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి లంబాడీలో చెప్పింది. మంగ్లి నిదానంగా అంది: "ఎవలు తీర్చిండ్రు? ఒక్కలు గూడ జవాబు సెప్పలే. సెప్పలేదనే రాయుండ్రి."

అలాగే రాయించాను. ప్రతి అభ్యంతరమూ, ఎవరు చెప్పారో వారి పేరుతో, జవాబు రాలేదన్న మాటతో సహా. చదివించి, సంతకం చేశాను. జాయింట్ కలెక్టరూ చేశారు. సూర్యాపేట సమావేశానికి ఆయన వెళ్లలేకపోయారు.

ఢిల్లీ కమిటీ ఫైలును ఒకసారి వెనక్కి పంపింది. చివరికి అనుమతి వచ్చింది, కోరినంత విస్తీర్ణానికి కాదు. తండాకు దగ్గరున్న భాగాన్ని తీసేశారు. వాగు మళ్లించకూడదన్నారు. పేలుడుకు ముందు సైరన్ తప్పనిసరి అన్నారు. పగిలిన ఇళ్లను కంపెనీతో సంబంధం లేని ఇంజనీర్లతో పరీక్ష చేయించి బాగుచేయించమన్నారు. సైరన్ వెంటనే మొదలైంది. ఇళ్ల పని సగంలో ఆగితే తండా ఆడవాళ్లు మా కార్యాలయానికి వచ్చి కూర్చున్నారు, మళ్లీ మొదలైంది. మంగ్లి గోడ మాత్రం బాగుపడింది.

రవి లారీని కంపెనీ పిలవడం మానేసింది. కారణం ఎవరూ చెప్పలేదు, కాబట్టి నేను పట్టుకోగల నిబంధన ఒక్కటీ లేకపోయింది. అతను ఇప్పుడు మిర్యాలగూడలో మిల్లులకు వడ్లు తోలుతున్నాడు. ఒకసారి కనిపిస్తే అడిగాను. "ఇగ ఏం జేస్తం మేడం, బతుకుతున్నం" అన్నాడు, అంతే.

తర్వాతి పర్యావరణ దినం నాడు సూర్యాపేటలో ఒక సభ జరిగింది. పౌరుల్లో పర్యావరణ స్పృహ పెంచినందుకు సుధాకర్ సంస్థకు శాలువా కప్పారు. నేను మూడో వరుసలో కూర్చున్నాను, చప్పట్లు కొట్టలేదు. పక్కనున్న ఉద్యోగి నా చేతుల వైపు చూసి తన చేతులూ దించుకున్నాడు. నా నిరసన అంతకుమించి సాగలేదు.

ఈ సంఘటన తర్వాత పదవీ విరమణ దాకా నా పద్ధతి ఒకటి మారింది. ఏ సభ జరిపినా, వారం ముందు గనికీ ఫ్యాక్టరీకీ దగ్గరున్న వాడకు నేనే వెళ్లి, సారాంశాన్ని వాళ్లకు అర్థమయ్యే భాషలో చదివించాను. సభలో ముందుగా ఎక్కువ నష్టపోయేవారి చేత మాట్లాడించాను. నిబంధనల్లో అలా చేయమని లేదు, చేయవద్దనీ లేదు. పౌరులను తయారు చేస్తామని ప్రభుత్వమూ సంస్థలూ సభలు పెడతాయి. పౌరులు ముందే ఉన్నారు. వాళ్లు అడిగేది మనకు నచ్చదు కాబట్టి శిక్షణ కావాలంటాం. పర్యావరణ శాఖల్లో కొత్తగా చేరేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి, లేకపోతే జవాబు చెప్పలేదని రాసి సంతకం చేయండి.