తిమ్మరాయప్ప ఫియట్‌కు రెండు బైకు కార్బురేటర్లు

చింతామణి ఊరి మెకానిక్ నంజప్ప గురించి జనం చెప్పుకొనే మాటల్లో మూడు నిజం కావు. తిమ్మరాయప్ప పాత ఫియట్ కారుకు అతడు బిగించిన మోటారుసైకిల్ కార్బురేటర్లు దొంగబండ్లవని కొందరంటారు. అవి బాగేపల్లి గుజరీ అంగడిలో, పాత ఇనుము కుప్పలోంచి, అంగడివాడి ఎదుటే ఏరి కొన్నవి. కారుకు బైకు సామాను బిగించడం పిచ్చిపని అని ఇంకొందరంటారు. కారు సొంత కార్బురేటరు అరిగిపోయింది, దానికి సరిపడేది ఎక్కడా దొరకలేదు. ఇక ఆ కిటుకంతా నంజప్ప బుర్రలోనే పుట్టిందని అతడి మిత్రులంటారు. అదీ నిజం కాదు.

ఏడాదిగా కదలని కారును సోమవారం పొద్దున పాత ఇనుము కింద గుజరీకి ఇచ్చేస్తానని తిమ్మరాయప్ప తేల్చేశాడు. ముప్పై ఏళ్ళ కిందట నంజప్ప పని నేర్చుకున్నది ఆ కారు ఇంజను మీదే. "ఆదివారం పొద్దు మునిగేలోగా నేనే నడుపుకొచ్చి మీ ఇంటిముందర నిలబెడతానప్పా" అని మాటిచ్చాడు.

శనివారం రెండు కార్బురేటర్లనూ బిగించాడు. సన్నని రబ్బరు పైపు ఒక కొస చెవిలో పెట్టుకొని, రెండో కొస ఒక్కో కార్బురేటరు నోటి దగ్గర పట్టి, గాలి పీల్చే చప్పుడు రెండింటిలోనూ సమానమయ్యేదాకా స్క్రూలు తిప్పాడు. ఇంజను పలికింది. పది నిమిషాలు నడిచి, నల్లపొగ కక్కి ఆగిపోయింది. కార్బురేటర్లు పొంగి పెట్రోలు నేలమీద కారుతోంది. బ్యాటరీ వైరు లాగేసి అన్నీ విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ పొంగాయి.

ఆదివారం పొద్దున తెప్పించుకున్న టీ చల్లారిపోయింది. స్పానరు చేతికి తీసుకుంటాడు, పెట్టేస్తాడు, వీధిలోకి వెళ్ళి ఏమీ చూడకుండానే తిరిగొస్తాడు. మధ్యాహ్నం తిమ్మరాయప్ప వచ్చాడు.

"ఏమప్పా నంజప్పా, కారు బైకయ్యిందా, బైకు కారయ్యిందా?"

"ఇంగా ఏదీ కాలేదప్పా. సాయంత్రం దాకా టైము ఉండాది కదా."

"ఉండాది, ఉండాది. గుజరీవాడు రేపు పొద్దున ఏడింటికే వస్తానన్నాడు" అంటూ ఆయన వెళ్ళిపోయాడు.

అప్పుడే టమాటా తోట అక్కయమ్మ, మందుకొట్టే మిషను బాగుచేయించుకోవడానికి వచ్చింది. నేలమీది తడి చూసి నవ్వింది.

"ఏం నంజప్పా, నేలకు పెట్రోలు డ్రిప్పు పెడతాండావా?"

"యాడ తప్పుండాదో తెలీడంలేదమ్మా. లోపల సూది దారి మూసినా పెట్రోలు తోసుకొని వస్తాండాది."

"మోటారు జోరెక్కువైతే మా డ్రిప్పు పైపులూ ఇట్లే పీక్కొస్తాయి. మిగిలే నీళ్ళు తొట్టిలోకే తిరిగిపోయేటట్ల మేము ఇంగొక పైపు వదిలినాము. నువ్వూ అట్లే ఒకటి వదిలేదానికేమి?"

నంజప్ప చేతిలోని గుడ్డ జారిపోయింది. బైకులో ట్యాంకు పైన ఉంటుంది, పెట్రోలు తన బరువుతోనే దిగుతుంది. కారులో ట్యాంకు వెనకాల ఉంటుంది, పంపు దాన్ని తోస్తుంది. ఆ తోపుకు బైకు కార్బురేటరులో పెట్రోలును ఆపే సూది నిలవలేదు. ఇరవై ఏళ్ళుగా బైకులే బాగుచేసిన చేతికి పంపు సంగతే తట్టలేదు.

పెట్రోలు దారిలో మూడు మూతుల గొట్టం పెట్టి, మూడోదాన్నుంచి ట్యాంకుకు ఒక పైపు తిప్పాడు. దానికి స్క్రూ క్లిప్పు తొడిగి, పొంగు ఆగేదాకా కొద్దికొద్దిగా వదులు చేశాడు. కైవారం ఊరి దాకా కారు నడుపుకొని వెళ్ళి వచ్చాడు. దారిలో నాలుగుసార్లు దిగి బానెటు ఎత్తాడు. నాలుగుసార్లూ నేల పొడిగానే ఉంది.

పొద్దు మునగకముందే కారు తిమ్మరాయప్ప ఇంటిముందు ఆగింది. ఆయన రెండుసార్లు స్టార్ట్ చేసి చూశాడు, తర్వాత గుజరీవాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు.

"భలే బుర్రప్పా నీది!"

"ఆ పైపు నాది కాదప్పా, అక్కయమ్మ తోటలోది" అన్నాడు నంజప్ప. కాఫీకి పిలిచినా కూర్చోలేక బానెటుకు చెవి ఆనించి నిలబడ్డాడు.

నంజప్ప కొత్తగా ఏదీ కనిపెట్టలేదు. పాత కార్బురేటర్లు రెండు కారుకు బిగించాడు, పంపు జోరును రెండు రోజులు మరిచాడు, చెప్పినవారి మాట విని తప్పు దిద్దుకున్నాడు, ఇచ్చిన మాటకు కారు తెచ్చి నిలబెట్టాడు. అతడు చేసింది ఇంతే.