నాన్న కట్టని ఓడ

మా నాన్న గార్డెన్ రీచ్ షిప్‌యార్డులో యుద్ధనౌకలు కట్టేవాడు. ఈ మాట ఎవరన్నా మా అమ్మ ముందు అంటే చాలు, నవ్వు ఆపుకోలేకపోయేది. "ఓడలు కడతాడంట! ఇంట్లో మంచం కోడు ఊగుతుంటే బిగించలేడు గానీ" అనేది.

నాన్న అక్కడ వెల్డరు. పని కార్వెట్ల మీద. కార్వెట్ అంటే చిన్నసైజు యుద్ధనౌక అని చెబితే, "సిన్నదేనేటి?" అని అమ్మ మూతి తిప్పింది. యుద్ధనౌకలు గనక యార్డులోకి ఇంట్లోవాళ్లను రానివ్వరు, ఫోటో కూడా తియ్యనివ్వరు. పెళ్లై శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీల ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ అమ్మ చూసింది నిప్పురవ్వలు పడి చిల్లులైన చొక్కాలే. మా పెద్దత్త నోటికి హద్దూ అదుపూ లేవు. "ఆడక్కడ తుడుస్తన్నాడో, మోస్తన్నాడో ఎవులికి తెల్సు" అని ఊళ్లో అందరి ముందూ అనేసింది. నాన్న పైకి నవ్వేశాడు గానీ ఆ మాట బాగా గుచ్చుకుంది. ఒక్కసారైనా తన పని అమ్మకు చూపించాలని ఆయన ఆశ.

అలాంటి రోజుల్లో ఏదో పరాయి దేశపు నేవీ కార్వెట్ ఒకటి ఖిదిర్‌పూర్ రేవుకు వచ్చింది. ఆదివారం జనం ఎక్కి చూడొచ్చన్నారు. నాన్న పెళ్లిచూపులకు వెళుతున్నట్టు గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా తొడిగాడు. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి బస్సు ఆగిపోతే, ఆగే ఓపిక లేక మమ్మల్ని దింపి నడిపించాడు.

ఓడెక్కాక అందరూ ఫిరంగి చుట్టూ మూగారు. నాన్న మాత్రం అమ్మను ఒక ఇనుప గోడ దగ్గరికి లాక్కుపోయాడు.

"ఈ ప్లేటూ ఆ ప్లేటూ కలిసిన కాడ సూడే. అచ్చం ఇలాటి అతుకే నాను ఏసేది. అడుగున, నీళ్లలో ఇలాటియి ఇంకా ఉంటాయి."

అమ్మ వంగి చూసింది. "వంటిల్లెక్కడా?" అంది.

నాకు నవ్వూ జాలీ ఒకేసారి వచ్చాయి. నాన్న పట్టు వదలకుండా ఆ అతుకు మీద అరచెయ్యి పెట్టి చూపించబోయాడు. తెల్లబట్టల నావికుడొకడు వచ్చి, ముట్టుకోవద్దని మర్యాదగానే సైగ చేశాడు. నాన్న గబుక్కున చెయ్యి తీసేసుకున్నాడు. చిన్నబోయిన ఆ ముఖం చూసి అమ్మకు ఒళ్లు మండింది. ఆ నావికుణ్ణి తెలుగులోనే కడిగేసింది.

"ఓలబ్బో! ఇలాటివి మా ఆయన ఎన్ని కట్టినాడో తెల్సేటి నీకు?"

అతనికి ఏం అర్థమైందో గానీ, బిగుసుకుని సెల్యూట్ కొట్టాడు.

మర్నాడు పొద్దున్న వీధి కొళాయి దగ్గర అమ్మ తను బౌదీ అని, అంటే వదినా అని, పిలిచే పక్కింటావిడకి వచ్చీరాని బెంగాలీలో చెబుతోంది. తన భర్త కట్టిన జాహాజ్ చూసొచ్చిందట, అక్కడ తమకు సెల్యూట్ కూడా కొట్టారట. డ్యూటీకి బయల్దేరిన నాన్న అది విని గతుక్కుమన్నాడు. అమ్మను పక్కకు పిలిచాడు.

"ఒలే, అది నాను కట్టింది కాదే. వేరే దేశపోళ్లది. రేపు ఎవులికైనా తెలిస్తే నా పరువేటవుతాది?"

అమ్మ నిండు బిందె ఎత్తి నడుమున పెట్టుకుంది.

"నువ్వు కట్టింది నాకు సూపించరు కదా. నిన్నటి దాన్ని కట్టినోడి పెళ్లానికి మాత్రం సూపించుంటారేటి? ఆవిడ బదులు నాను సూసినాను. నీ ఓడ ఏ దేశం పోతే ఆ దేశంలో నీలాటోడి పెళ్లాం ఎవులో ఒకర్తి సూస్తాది. మా ఆయనే కట్టినాడని సెప్పుకోనీ, పాపం."