తాత గొడ్డలి ఇచ్చి ఓటుకు వెళ్ళిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరివాళ్ళు పులి కంటే ఎక్కువగా, పేర్లు రాసుకోవడానికి వచ్చే సర్కారు మనిషికి భయపడేవాళ్ళు. చర్ల అవతల అడవిలో ఉంటుంది మా ఊరు. అవి తెల్లవాళ్ళ పాలన చివరి ఏళ్ళు. అలా ఒకసారి పేరు రాసుకుని, ఎవరో దొర సామాను మోయడానికి మా పెదనాన్నను తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. దారిలో జ్వరం వచ్చిందన్నారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో మా కొండప్రాంతాలకని మద్రాసు శాసనసభలో ఒక సీటు ఉండేది. ఏజెన్సీ సీటు అనేవాళ్ళు. ఓటు అందరికీ లేదు, శిస్తు కట్టే కొద్దిమందికే. మా ఊళ్ళో మా తాత ఒక్కడికే ఉంది. ఓటు వేయడానికి చర్ల రమ్మని ఒకనాడు కబురు వచ్చింది.

మర్నాటి పొద్దుటికల్లా ఊరు ఖాళీ అయింది. సర్కారు కంట పడితే ఈసారి ఎవరిని పట్టుకుపోతారో అని అందరూ పోడు చేలలోని మంచెల మీదికి చేరారు. నన్నూ తమ్ముణ్ణీ నాయనమ్మ లాక్కుపోయింది. తాత మంచె దాకా మాతో వచ్చాడు.

"ఒక కొడుకును మింగిన్రు, సాలదా? ఇప్పుడు నువ్వు గూడ పోతవా?" అంది నాయనమ్మ.

"అందుకే పోతున్న. నా కొడుకేడని అడిగేటోడు ఒక్కడన్న ఉండాలె గద ఆ మద్రాసు సభల."

"అవ్, నీకోసమే కూసున్నరు చాప పరిచి!"

నేను తాత పంచె పట్టుకుని వదల్లేదు. తాత నా వైపు చూశాడు. భుజం మీది గొడ్డలి తీసి నా చేతుల్లో పెట్టాడు. మా వైపు మగవాళ్ళు గొడ్డలి లేకుండా పొలిమేర దాటరు.

"ఇది లేకుంట నేనెన్ని దినాలుంట బిడ్డా? జల్దీ వస్త. కింద పెట్టకు."

కింద పెట్టలేదు. ఎండుటాకు కదిలినా ఉలిక్కిపడ్డాను. తమ్ముడు ఆకలని ఏడిస్తే నాయనమ్మ వాడి నోరు మూసింది. పొద్దు వాలినా తాత రాలేదు. పెద్దకొడుకు కోసం కూడా ఇట్లాగే ఎదురుచూశానని నాయనమ్మ పక్క మంచెమీది ఆమెతో అంటుంటే విన్నాను. గొడ్డలి కర్ర నా చెమటకు జారిపోతుంటే ఒళ్ళోకి లాక్కున్నాను.

మర్నాడు ఎండ ఎక్కాక తాత వచ్చాడు. చేతిలో గొడ్డలి లేక, ఎలుగులకు భయపడి, చీకటి పడేసరికి దారిలో ఏదో ఊళ్ళో ఆగిపోయాడట.

"ఏంది, రాజ్యం చేతుల పెట్టిన్రా?" అంది నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"కాయితం పెట్టెల ఏసిన. పెట్టె గూడ కరవలే," అన్నాడు.

మంచెల మీద నవ్వులు వినిపించాయి. ఒక్కొక్కరే దిగారు. నేను గొడ్డలి తిరిగి ఇచ్చాను. అందుకున్న తాత చేయి వణుకుతోంది.

ఆ ఎన్నికలో ఎవరు గెలిచారో మా దాకా రాలేదు. కొన్నాళ్ళకే తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, హద్దులు మారాయి, ఆ సీటే లేకుండా పోయింది. చర్ల నుంచి ఎవరొచ్చినా తాత ఒకటే అడిగేవాడు. "మా పెద్దోని సంగతి ఆ సభల అడిగిన్రా?" చదువుకున్నాక నేను పుస్తకాల్లో వెతికాను. కొండప్రాంతాలకు ఒక సీటు ఉండేదని ఒక్క వాక్యం దొరికింది. పెదనాన్న గురించి ఎవరైనా అడిగారో లేదో ఈనాటికీ తెలియదు.

ఆ రోజు మంచె మీద నా పక్కన కూర్చున్న తమ్ముడు పోయిన నెల చనిపోయాడు. ఇక ఆ రోజును చూసినవాళ్ళలో నేనే మిగిలాను. ధైర్యం గురించి చాలా చదివాను కాని, నాకు గుర్తుండేది ఆ చేతి వణుకే. తాత భయపడుతూనే వెళ్ళాడు. వెళ్ళే ముందు, భయపడుతున్న నాకు పట్టుకుని ఉండడానికి ఒకటి ఇచ్చి వెళ్ళాడు.

మా వైపు ఓట్లంటే ఇప్పటికీ భయమే. వేయవద్దని అడవిలో అన్నలు, ఎందుకు వేయలేదని పోలీసులు. ఓటుకు బయల్దేరే ముందు తాత గొడ్డలి తెచ్చి మనవరాలి చేతిలో పెడతాను.

"ఈ తుప్పు ఇనుము నాకెందుకే నాయనమ్మా?" అని నవ్వుతుంది.

"కింద పెట్టకు, వస్త," అంటాను.

నా చేయి వణుకుతుంది. వయసు వల్ల అనుకుంటుంది.