డాట్ తరువాత ఏముండాలి

మా ఊళ్లో ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీ మూతపడుతోందని తెలిసినప్పుడు, వాళ్లిచ్చిన ఈమెయిల్ కూడా దాంతోపాటే పోతుందని అర్థమైంది. ఇక అద్దె చిరునామా వద్దు, ఇంటిపేరుతో సొంతది కొనుక్కుందామనుకున్నాను. ఇంటిపేరుకు డాట్ కామ్ అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. డాట్ తరువాత పెట్టుకునే మిగిలిన తోకల్లో కొన్ని మొదటి ఏడాదే చవక. కొన్ని నోటితో చెబితే ఎవరికీ అర్థం కావు. నేను రొయ్యల చెరువులకు మేత లెక్కలు కట్టేవాణ్ణి, అదీ ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్య. ఏ లెక్కనైనా రెండు దారుల్లో చేసి చూస్తే తప్ప నమ్మను. రెండు దారుల్లోనూ డాట్ ఇన్ నెగ్గింది. కొన్నాను.

ఆ వారంలోనే నా భార్యకు రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. భీమవరంలో అయితే తెలిసినవాళ్లు కనిపిస్తారని రాజమండ్రి వెళ్లాం. ముక్క తీసి పరీక్షకు పంపారు.

"రిపోర్టు నా ఫోన్‌కి వద్దండి. ఎవరైనా చూస్తారు. మా చెల్లికి కూడా చెప్పలేదు నేను" అంది. అందుకని ల్యాబులో అమ్మాయికి నా కొత్త చిరునామా చెప్పాను.

వస్తుందన్న రోజు చీకటి పడినా రాలేదు. నేను ఫోన్ ముట్టుకున్నప్పుడల్లా ఆమె వంటింట్లోంచి తల బయటపెట్టి చూసేది. మర్నాడు పొద్దున్నే ల్యాబుకు ఫోన్ చేశాను.

"నిన్న మధ్యాహ్నమే పంపేశామండి."

"రాలేదమ్మా. దేనికి పంపావో ఒకసారి చదువు."

చదివింది. చివర డాట్ కామ్.

"డాట్ ఇన్ అని చెప్పాను కదమ్మా!"

"అయ్యో! అందరిదీ కామే కదండి, చెయ్యి అలా వెళ్లిపోద్దండి. ఉండండి, మళ్లీ పంపుతాను."

మొదట పంపింది వెనక్కి రాలేదట. అంటే అవతల ఎవరికో అందింది. నా భార్య పేరు, వయసు, గడ్డ ఎక్కడుందో, ఎంతుందో, అన్నీ.

రెండోది రాగానే ఆమే తెరిచింది. కిందిదాకా చదివి, మళ్లీ పైకొచ్చి, "కాన్సర్ కాదంటండి" అంది. నేను తీసుకుని రెండుసార్లు చదివాను. కాదు.

ఫోన్ బల్ల మీద పెట్టాను. తరువాత ఆమే అడిగింది.

"నాకంటే ముందు ఇంకెవరో చదివేశారన్నమాట. తెలుగువాళ్లేనంటారా?"

"మన ఇంటిపేరే కదా."

"అయితే చుట్టాలే అయ్యుంటారు. మీరు అన్ని లెక్కలూ కట్టారు, టైపు కొట్టే పిల్లని మాత్రం లెక్కలో వేసుకోలేదు."

ఆ డాట్ కామ్ చిరునామాకు, దయచేసి చెరిపేయండని రాశాను. జవాబు రాలేదు. వచ్చిందా అని ఆమె రోజూ టీ ఇస్తూ అడిగేది. నాలుక మీదికి వచ్చిన సర్దుబాటు మాటలన్నీ మింగేసి, లేదనేవాణ్ణి. ఇంటిపేరు పక్కన ఊరిపేరు చేర్చి, ఈసారి కామ్, ఇన్ రెండూ కొన్నాను. ఎవరు ఏది రాసినా మా ఇంటికే రావాలి. ఆ సంగతి చెబితే తలూపింది, అంతే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, చీరైనా మార్చుకోకుండా చెల్లెలికి ఫోన్ చేసింది.

"నీకొకటి చెప్పాలే. కంగారు పడకు, బానే ఉన్నాను. మొహం తెలియని మనిషికి తెలిసిపోయింది, ఇంక నీ దగ్గరేంటి దాపరికం?"

అవతలి నుంచి ఏడుపు నాకూ వినిపించింది. నా భార్య కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.