కడ్డీ మీద ఆనించిన వేలు

“నేను చూశాను” అన్న ఒక్క మాట, చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. హైవే మీద వేగం పెరిగి కారు యాంటెన్నా సన్నగా మూలగడం మొదలుపెట్టినప్పుడల్లా, సుశీల గారు పక్క సీట్లో కూర్చుని ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుంటుంది.

ఎనభైల మొదట్లో నేను మిషిగన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆవిడ మా విండ్ టన్నెల్ ల్యాబ్‌లో, అంటే సొరంగంలాంటి గొట్టంలోంచి గాలి పంపి దాని ప్రవాహాన్ని కొలిచే చోట, టెక్నీషియన్. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదివి వచ్చినా ఇక్కడ దొరికిన ఉద్యోగం అదే. కొలిచే ముందు చెవి పెట్టి వినమని నాకు నేర్పింది ఆవిడే. గాలికి అడ్డంగా సన్నని స్టీలు కడ్డీ బిగిస్తే, దాని వెనక సుడులు ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి వరసగా విడిపోతాయి. గాలి వేగం పెంచితే ఆ వరసా వేగం పుంజుకోవాలి. మాకు మాత్రం కొన్ని వేగాల దగ్గర వరస చెదిరి, ఆ సుడుల లయను చూపించే తెరమీది గీత చిందరవందరగా అయ్యేది. అది ప్రవాహంలోనే పుట్టే అస్థిరత అని మా ప్రొఫెసర్ అప్పటికే పేపర్ రాశాడు.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు, కడ్డీ కొస టన్నెల్ గోడ బయటికి వచ్చిన చోట సుశీల గారు చూపుడువేలు ఆనించారు. గీత నున్నబడింది. వేలు తీశారు, మళ్లీ చెదిరింది.

“చూడవయ్యా మూర్తీ, వణుకుతున్నది కడ్డీ. పాపం, గాలి మీద నేరం మోపారు,” అని నవ్వారు.

ప్రొఫెసర్ రాగానే ఆ సంగతి చెప్పారు. ఆయన నవ్వలేదు. పరికరాన్ని ముట్టుకుని రీడింగులు పాడుచేశావన్నాడు. ఆవిడ నావైపు తిరిగి ముందు ఇంగ్లీషులో, తరవాత తెలుగులో అడిగారు: “నువ్వు చూశావు కదా, చెప్పు.” నా థీసిస్ మీద ఆయన సంతకం ఇంకా పడలేదు. నేను డయల్ చూస్తూ నిలబడ్డాను. ఆ శుక్రవారమే ఆవిడ ఉద్యోగం పోయింది. మళ్లీ ఏ ల్యాబూ ఆవిణ్ణి తీసుకోలేదు.

ఏడాది తిరిగేసరికి ఆయన కొత్త పేపర్ రాశాడు. కడ్డీ కంపనమే కారణమని తానే కనిపెట్టాడట! సొంత తప్పు దిద్దుకున్న నిజాయితీపరుడని పొగడ్తలు కూడా. రెండో పేరు నాది. ఆవిడ పేరు కృతజ్ఞతల్లోనైనా లేదు. పోయిన నెల ఆయన రిటైర్మెంట్ సభలో ఎవరో ఆ వేలి కథ చెబితే, ఆయన తన వేలు ఎత్తి చూపించాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. దొంగతనానికి నిజాయితీ అని పేరా? ఒళ్లు మండిపోయింది. అయితే ఆ దొంగసొత్తులో ఇన్నేళ్లు వాటా తిన్నవాణ్ణి నేను.

జరిగింది జరిగినట్టు ఆ పేపర్ అచ్చువేసిన పత్రికకు ఉత్తరం రాసి, దాని నకలుతో నేపర్‌విల్‌లో ఆవిడ ఇంటికి వెళ్లాను. ఆవిడ దాన్ని విప్పకుండానే బల్లమీద పెట్టారు.

“ఆ రోజు నేనడిగినదానికి జవాబు ఇందులో ఉందా?”

“అది కాగితం మీద ఇచ్చేది కాదండీ. చూశాను సుశీల గారూ. మీ పక్కనే నిలబడి చూశాను. చెప్పనందుకు నన్ను క్షమించండి.”